మోటారు సైకిల్ పందేలలో అగ్నిప్రమాదాలు

మోటారు సైకిల్ పందేలలో అగ్నిప్రమాదాలు అనగా పందెపు బాట (రేస్ ట్రాక్) మీద గాని, దాని అంచులలో గాని, బళ్ళను సిద్ధం చేసే ప్యాడాక్ ఆవరణలో గాని మోటారు సైకిళ్ళకు నిప్పంటుకొనడం వలన కలిగే ప్రమాదాలు. ఇవి తరచుగా జరిగేవి కావు. జరిగినప్పుడు మాత్రం స్పందించడానికి కొద్ది సెకన్ల వ్యవధి మాత్రమే ఉంటుంది. మంటలను ఆర్పేందుకు వాడే పదార్థాన్ని బట్టి ఆ తరువాత చేయవలసిన శుభ్రత ఉంటుంది. ఆరిన మంట కన్నా దాని మీద చల్లిన పొడి బండికి ఎక్కువ నష్టం కలిగించే సందర్భాలు ఉన్నాయి. ట్రాక్ మీద మిగిలిపోయిన చమురు, పొడి తరువాత వచ్చే పోటీదారుల ప్రాణాలకు ముప్పు తెస్తాయి. అందువలన మంటను ఆర్పడం, ట్రాక్‌ను శుభ్రపరచడం, బండిని శుభ్రపరచడం అనే మూడింటినీ ఒకే పనిలోని మూడు దశలుగా పరిగణించాలి.

మంటలు పుట్టే విధానం

పెట్రోలు సున్నాకు దాదాపు 40 డిగ్రీల సెంటీగ్రేడు దిగువన కూడా మండగల ఆవిరిని వెలువరిస్తుంది. ఈ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి పోక నేల వెంబడి పాకుతుంది. గాలిలో దాని పాలు సుమారు 1.4 శాతం నుండి 7.6 శాతం వరకు ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది. నిప్పురవ్వ లేకున్నా, సుమారు 250 నుండి 280 డిగ్రీల వేడి గల తలం తగిలితే తనంత తానే మండగలదు. పందెంలో పరుగెత్తే బండి పొగగొట్టాలు ఇంతకన్నా ఎంతో ఎక్కువ వేడిగా ఉంటాయి.

బండి పడిపోయినప్పుడు ఈ కింది కారణాలలో ఒకటి గాని, కొన్ని కలిసి గాని మంటకు దారితీస్తాయి.

- ట్యాంకు పగలడం, మూత ఊడిపోవడం, పెట్రోలు గొట్టం తెగడం.
- లోహపు భాగాలు రోడ్డుకు రాసుకొని నిప్పురవ్వలు ఎగయడం.
- ఇంజను పగిలి వేడి నూనె పొగగొట్టం మీద పడడం.
- పక్కకు ఒరిగిన బండిలో ఇంజను ఆగక తిరుగుతూ ఉండడం, పెట్రోలు పంపు పనిచేస్తూనే ఉండడం.
- వేడి పొగగొట్టం ఎండుగడ్డిని తాకడం.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ప్రమాదం జరిగితే మంట తీవ్రత ఎక్కువగా ఉంటుంది. పందెం మొదటి చుట్లలోను, మధ్యలో పెట్రోలు నింపుకొనే పందేలలో నింపుకొన్న వెంటనేను ఈ పరిస్థితి ఏర్పడుతుంది.

నివారణ నియమాలు

అంతర్జాతీయ మోటారు సైకిల్ సమాఖ్య (ఎఫ్.ఐ.ఎమ్.) నియమాలలో చాలా భాగం మంటను, చమురు ఒలకడాన్ని నివారించేందుకు ఏర్పడినవే. వాటిలో ముఖ్యమైనవి:

- పెట్రోలు ట్యాంకు లోపల మంటను నిరోధించే నురుగు దిమ్మెలు నింపాలి. ఇవి పెట్రోలు కుదుపుకు చిమ్మకుండా ఆపుతాయి. ట్యాంకు పగిలినా ఒక్కసారిగా బయటకు పోకుండా చూస్తాయి.
- ట్యాంకు ఊపిరి గొట్టానికి ఒకవైపు మాత్రమే తెరచుకొనే కవాటం ఉండాలి.
- నూనె బయటకు వచ్చే ప్రతి మర, నూనె వడపోత డబ్బా వదులు కాకుండా తీగతో బిగించి ఉండాలి.
- ఇంజను కింది తొడుగు తొట్టిలా ఉండి, ఇంజను పగిలినప్పుడు దానిలోని నూనె, చల్లబరచే నీరు కలిపిన మొత్తంలో కనీసం సగం పట్టగలగాలి.
- ఇంజనును చల్లబరచేందుకు నీరు గాని, నీరు, ఆల్కహాలు కలిసిన మిశ్రమం గాని మాత్రమే వాడాలి. వీధి బళ్ళలో వాడే గ్లైకాల్ ద్రవం రోడ్డు మీద పడితే నూనెవలె జారుతుంది, త్వరగా ఆరదు. కనుక దానిని నిషేధించారు.

ఇవి కాక, అనేక బళ్ళలో ఒరుగుదలను గుర్తించే పరికరం ఉండి, బండి పడిన వెంటనే పెట్రోలు పంపును ఆపివేస్తుంది.

అగ్నిమాపక పదార్థాలు

భారతదేశంలోను, ఐరోపాలోను మంటలను అక్షరాలతో వర్గీకరిస్తారు. కర్ర, గుడ్డ వంటి ఘనపదార్థాల మంట 'ఎ' తరగతి, పెట్రోలు వంటి ద్రవాలది 'బి', వాయువులది 'సి', లోహాలది 'డి'. అమెరికాలో 'సి' అంటే విద్యుత్ పరికరాల మంట అని అర్థం. కనుక విదేశాల నుండి తెచ్చిన సిలిండరు మీది అక్షరాలను సరిగా అర్థం చేసుకోవాలి. ఒకే మోటారు సైకిల్‌లో పెట్రోలు, రబ్బరు, ప్లాస్టిక్కు, విద్యుత్ తీగలు, కొన్నిటిలో మెగ్నీషియం కూడా ఉంటాయి. అందువలన ఏ ఒక్క పదార్థమూ అన్ని విధాల సరిపోదు.

ఎ.బి.సి. పొడి: ఇందులో ముఖ్యమైనది మోనో అమ్మోనియం ఫాస్ఫేటు. మంటను అతి వేగంగా అణచివేస్తుంది. సుమారు 190 డిగ్రీల వద్ద కరిగి, మండే వస్తువుపై పొరగా ఏర్పడి మళ్ళీ అంటుకోకుండా ఆపుతుంది. ఇదే గుణం శుభ్రపరచేటప్పుడు పెద్ద ఇబ్బంది అవుతుంది. వేడి లోహంపై గాజువంటి పెచ్చు కడుతుంది. గాలిలోని తేమను పీల్చుకొని ఆమ్లంగా మారి అల్యూమినియం, మెగ్నీషియం, రాగి భాగాలను తినివేస్తుంది.

బి.సి. పొడి: సోడియం బైకార్బొనేటు (వంటసోడా) గాని, పొటాషియం బైకార్బొనేటు గాని ఇందులో ఉంటుంది. పెట్రోలు మంటపై బాగా పనిచేస్తుంది. స్వల్ప క్షార గుణం కలది. వేడి లోహంపై ఎ.బి.సి. పొడివలె కరిగి అంటుకోదు కనుక దీనిని తొలగించడం సులభం. అయితే రబ్బరు, గడ్డి వంటి ఘనపదార్థాల మంటను పూర్తిగా ఆర్పలేదు.

కార్బన్ డయాక్సైడ్ (బొగ్గుపులుసు వాయువు): ఏ అవశేషమూ మిగల్చదు. మూసిన గదిలోను, పిట్ గ్యారేజిలోను ఇంజనుపై మొదలయిన చిన్న మంటకు అనుకూలం. ఆరుబయట గాలికి చెదిరిపోతుంది. వేడి తగ్గని పెట్రోలు మళ్ళీ అంటుకొనే అవకాశం ఉంటుంది. ఇరుకైన చోట మనిషికి ఊపిరి ఆడకుండా చేస్తుంది.

హాలాన్, దాని ప్రత్యామ్నాయాలు: హాలాన్ 1211 అనే పదార్థం అవశేషం లేకుండా మంటను ఆర్పుతుంది. ఓజోన్ పొరకు హాని చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం మేరకు అభివృద్ధి చెందిన దేశాలలో 1994 నుండి, వర్ధమాన దేశాలలో 2010 నుండి దీని ఉత్పత్తి నిలిపివేశారు. దీని స్థానంలో వచ్చిన శుద్ధ వాయు సిలిండర్లు ఖరీదైనవి.

నురుగు: పెట్రోలుపై పలుచని పొర పరచి ఆవిరిని అణచుతుంది. 1960లలో అమెరికా నౌకాదళ పరిశోధనలో రూపొందిన ఏ.ఎఫ్.ఎఫ్.ఎఫ్. నురుగులో ఫ్లోరిన్ సమ్మేళనాలు ఉంటాయి. ఇవి నేలలో, నీటిలో దీర్ఘకాలం నశించవు. వీటిలో ఒకటైన పి.ఎఫ్.ఓ.ఎస్.ను 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చారు. ఫ్లోరిన్ లేని నురుగులు ఇప్పుడు లభిస్తున్నాయి.

నీరు: మండే పెట్రోలుపై పోస్తే పెట్రోలు పైకి తేలి మంట పరచుకొంటుంది. అయితే మంట ఆరిన తరువాత లోహాన్ని చల్లబరచడానికి, లిథియం బ్యాటరీని చల్లబరచడానికి నీరే ఉత్తమం.

మెగ్నీషియం మంటలు

పందెపు బళ్ళలో చక్రాలను, కొన్ని ఇంజను తొడుగులను మెగ్నీషియం మిశ్రమలోహంతో చేస్తారు. ఇది తేలికగా అంటుకోదు. పెట్రోలు మంటలో చాలాసేపు ఉంటే మాత్రం కళ్ళు చెదిరే తెల్లని వెలుగుతో మండుతుంది. ఆ మంట వేడి 3,000 డిగ్రీలను చేరగలదు. మండే మెగ్నీషియం నీటి నుండి ఉదజనిని విడుదల చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌లో కూడా మండుతూనే ఉంటుంది. దీనికి పొడి ఇసుక గాని, ఉప్పు (సోడియం క్లోరైడు) ఆధారంగా తయారైన 'డి' తరగతి పొడి గాని వాడాలి. తడి ఇసుక వాడరాదు. పెట్రోలు మంట ఆరిన తరువాత కూడా చక్రం వద్ద తెల్లని వెలుగు కనిపిస్తే అది వేరే మంట అని గుర్తించాలి.

మిథనాల్ మంటలు

మట్టి బాటపై జరిగే స్పీడ్‌వే పందేలలో బళ్ళకు పెట్రోలు బదులు మిథనాల్ వాడతారు. దీని మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు. గాలి అలలుగా కదలడం, రంగు పొక్కడం వంటి గుర్తులను బట్టి తెలుసుకోవాలి. మిథనాల్ నీటిలో కలిసిపోతుంది కనుక సమృద్ధిగా నీరు పోసి ఆర్పవచ్చు. సాధారణ నురుగు దానిపై విరిగిపోతుంది. దానికి ఆల్కహాలును తట్టుకొనే నురుగు కావాలి.

విద్యుత్ మోటారు సైకిళ్ళు

లిథియం బ్యాటరీలో ఒక గడి (సెల్) అదుపు తప్పి వేడెక్కితే ఆ వేడి పక్క గడులకు పాకుతుంది. పైనున్న మంటను పొడి ఆర్పుతుందే గాని లోపలి వేడిని తీయలేదు. కొన్ని గంటల తరువాత కూడా మళ్ళీ అంటుకోవచ్చు. కనుక అధికంగా నీరు పోసి చల్లబరచి, బండిని ఇతర వస్తువులకు దూరంగా ఆరుబయట ఉంచాలి.

మంటను ఆర్పే పద్ధతి

ట్రాక్ వెంబడి నిలిచే మార్షళ్ళు మొదట చూడవలసినది బండిని కాదు, పోటీదారుని. పోటీదారు మంటకు దూరంగా ఉన్నాడని నిర్ధారించుకొన్న తరువాతనే బండి సంగతి చూస్తారు. పోటీదారు దుస్తులకు నిప్పంటుకొంటే చేతికి అందిన ఏ సాధనంతోనైనా ఆర్పవచ్చు. అక్కడ అవశేషం గురించిన ఆలోచనకు తావులేదు. కాలిన చర్మాన్ని చల్లని పారే నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచడం ప్రథమ చికిత్స.

బండి మంటను ఆర్పేటప్పుడు గాలి వీపు వైపు నుండి వీచేలా నిలబడాలి. ఇద్దరు మార్షళ్ళు ఉంటే ఒకరు ఆర్పుతుండగా మరొకరు వచ్చే బళ్ళను గమనిస్తూ ఉండాలి. సిలిండరు సూదిని లాగి, గొట్టాన్ని మంట కొనకు కాక మొదలుకు గురిపెట్టి, పక్కలకు ఊపుతూ పొడిని చల్లాలి. ఆరు కిలోల సిలిండరు ఇరవై సెకన్లకు మించి రాదు. కనుక దూరం నుండే ఖాళీ చేయరాదు. పొడి మేఘం ట్రాక్ మీదికి పోతే వెనుక వచ్చే పోటీదారులకు దారి కనబడదు. వీలైనంత వరకు ట్రాక్ వైపు నుండి వెలుపలికి చల్లాలి.

మంట ఆరిన వెంటనే బండిని కదిలించరాదు. పెట్రోలు కారడం ఆగిందా, మళ్ళీ రాజుకొంటుందా అని రెండవ సిలిండరు చేతబట్టి గమనించాలి. ఒక్క క్షణం వాడిన సిలిండరును కూడా తిరిగి నింపించాలి. కవాటంలో చిక్కుకొన్న పొడి రేణువుల వలన ఒత్తిడి క్రమంగా తగ్గిపోయి, మరుసటిసారి అది పనిచేయదు.

ట్రాక్‌ను శుభ్రపరచడం

రెండే చక్రాలపై ఒరిగి మలుపు తిరిగే వాహనానికి నేల పట్టు ప్రాణాధారం. కారు జారినా నాలుగు చక్రాలపై నిలుస్తుంది. మోటారు సైకిల్ జారితే పడుతుంది. ట్రాక్ మీద పట్టు తగ్గిందని తెలపడానికి పసుపుపై ఎర్రచారల జెండా చూపుతారు. పందెం కొనసాగించడం ప్రమాదకరమైతే ఎర్రజెండాతో ఆపివేస్తారు.

శుభ్రపరచే క్రమం సాధారణంగా ఇలా ఉంటుంది.

1. పొడిని ముందుగా ఊడ్చి, వీలైతే పీల్చే యంత్రంతో తీస్తారు. మొదటనే నీరు పోస్తే ఎ.బి.సి. పొడి జిగురుగా మారి రోడ్డు రంధ్రాలలోకి దిగుతుంది.
2. చమురుపై దానిని పీల్చుకొనే కాల్చిన బంకమట్టి గుళికలు, సిమెంటు పొడి వంటివి చల్లి గట్టి చీపుళ్ళతో రుద్దుతారు.
3. నూనెతో నానిన గుళికలను పూర్తిగా ఎత్తివేసి, అవసరమైతే మళ్ళీ చల్లుతారు.
4. సబ్బు నీటితో కడిగి, కడిగిన నీటిని తొలగించి, గాలి యంత్రాలతో ఆరబెడతారు.
5. పందెపు అధికారులు నడిచి వెళ్ళి, చేతితో తాకి, పరీక్షిస్తారు.

సిమెంటు పొడి మిగిలితే అది కూడా జారుతుంది, దుమ్ముగా లేస్తుంది. పెట్రోలు తారును కరిగిస్తుంది. మంట తారును కాల్చి కంకరను వదులు చేస్తుంది. కనుక మంట రేగిన చోట నేల శుభ్రంగా కనబడినా గట్టిదనాన్ని కూడా చూడాలి.

బండిని శుభ్రపరచడం

మంట ఆరిన తరువాత బండి యజమాని సాధారణంగా చేసే తప్పు, ఇంజను బాగుందో లేదో చూద్దామని తిప్పి చూడడం. గాలి ద్వారంలో పొడి ఉంటే అది సిలిండరులోకి పోయి గోడలను గీస్తుంది. రెండవ తప్పు, 'రేపు చూద్దాం' అని వదిలివేయడం. పొడి తేమను పీల్చుకొనే లోపు, అనగా వీలైతే అదే రోజు, పని మొదలుపెట్టాలి.

- ముఖానికి దుమ్ము ఆపే ముసుగు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు ధరించాలి. ఈ పొడులు విషం కావు గాని ఊపిరితిత్తులకు, కళ్ళకు మంట పుట్టిస్తాయి. కాలిన కార్బన్ ఫైబరు పోగులు, అత్యధిక వేడికి గురైన ఫ్లోరిన్ రబ్బరు సీళ్ళు ఇంతకన్నా ప్రమాదకరమైనవి.
- బ్యాటరీ తీగలు విప్పాలి. మిగిలిన పెట్రోలు తీసివేయాలి. గాలి ద్వారాన్ని, పొగగొట్టం నోటిని మూసివేయాలి.
- తొడుగులన్నీ విప్పి, మెత్తని కుంచెతో, పీల్చే యంత్రంతో పొడిని తీయాలి. మొదటనే గాలి పంపుతో ఊదితే పొడి బేరింగులలోకి, తీగల కలయికలలోకి చొరబడుతుంది.
- ఎ.బి.సి. పొడి ఆమ్ల గుణం కలది కనుక మిగిలిన దానిని గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి కడగాలి. బి.సి. పొడి అయితే చాలా నీటిలో కొద్దిగా వెనిగర్ కలిపి కడగాలి. రెండింటిలోను చివర మంచినీటితో కడిగి వెంటనే ఆరబెట్టాలి. అందుచేత ఏ సిలిండరు వాడారో ముందుగా తెలుసుకోవాలి.
- తీగల కలయికలను ఒక్కొక్కటిగా విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. వారాల తరువాత కనిపించే పచ్చని చిలుము ఇక్కడే మొదలవుతుంది.
- గాలి వడపోత, గొలుసు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ద్రవం, వేడి తగిలిన టైర్లు మార్చివేయాలి. నూనె మార్చాలి.
- పొడి ధారాళంగా పారేందుకు అందులో సిలికోన్ కలుపుతారు. అది మిగిలిన లోహంపై కొత్త రంగు నిలవదు. ఆల్కహాలు, నీరు సమంగా కలిపి తుడవాలి.

ఇవన్నీ చేసిన తరువాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. అల్యూమినియం చట్రం వేడికి గురైతే, రూపం చెడకపోయినా, బలం కోల్పోవచ్చు. రంగు కాలి లోహం బయటపడిన చట్రాన్ని, చక్రాన్ని నిపుణుల పరీక్ష లేకుండా మళ్ళీ పందెంలో వాడరాదు.

కొన్ని ముఖ్య సంఘటనలు

1973 మే 20న ఇటలీలోని మోంజాలో 250 సీసీ పందెం మొదటి చుట్టులోనే ఫిన్లాండ్‌కు చెందిన యార్నో సారినెన్, ఇటలీకి చెందిన రెంజో పాసొలీని మరణించారు. అంతకుముందు జరిగిన 350 సీసీ పందెంలో ఒక బండి కార్చిన నూనెను తుడవకపోవడమే కారణమని పలువురు భావించారు. పాసొలీని ఇంజను బిగుసుకుపోవడం కారణమనే వాదన కూడా ఉంది. కారణం ఏదైనా, ట్రాక్ శుభ్రత ప్రాణాలకు సంబంధించిన విషయమని ఈ దుర్ఘటన గుర్తుచేస్తూనే ఉంది.

2010 జూన్‌లో ఐల్ ఆఫ్ మాన్ టీ.టీ. సీనియర్ పందెంలో గై మార్టిన్ పెట్రోలు నింపుకొన్న కొద్దిసేపటికే బాలగారీ మలుపులో పడిపోయాడు. బండి అగ్నిగోళంగా మారింది. పందెం ఆపివేశారు. మార్టిన్ గాయాలతో బయటపడ్డాడు.

2019 మార్చి 14 తెల్లవారుజామున స్పెయిన్‌లోని హెరెస్ ప్యాడాక్‌లో మంటలు చెలరేగి మోటో-ఈ విద్యుత్ బళ్ళన్నీ కాలిపోయాయి. ఎవరూ గాయపడలేదు. ఆ పోటీలు వాయిదా పడి జూలైలో జర్మనీలోని సాక్సెన్‌రింగ్‌లో ప్రారంభమయ్యాయి.

2020 ఆగస్టు 23న ఆస్ట్రియాలో జరిగిన స్టిరియన్ గ్రాండ్ ప్రి పందెంలో బ్రేకులు విఫలమైన మావెరిక్ విన్యాలెస్ గంటకు 200 కి.మీ. పైబడిన వేగంలో బండి మీది నుండి దూకివేశాడు. బండి గాలి దిండ్ల గోడను ఢీకొని మండిపోయింది. ఎర్రజెండా తరువాత తిరిగి జరిగిన పందెంలో మిగెల్ ఒలివేరా గెలిచాడు.

2021 ఆగస్టు 8న అదే ట్రాక్ మీద డానీ పెడ్రోసా పడిపోగా, అతని బండిని లొరెంజో సవడోరి ఢీకొన్నాడు. ట్రాక్ మధ్యలోనే మంటలు లేచాయి. ట్రాక్‌ను శుభ్రపరచిన తరువాత పందెం మళ్ళీ ప్రారంభమయింది. సవడోరి చీలమండకు గాయమైంది.

భారతదేశంలో

చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులోని కారి, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ ట్రాక్‌లు దేశంలో ముఖ్యమైన పందెపు బాటలు. బుద్ధ ట్రాక్ మీద 2023 సెప్టెంబరులో మొదటిసారిగా మోటోజీపీ పందెం జరిగింది. చేతితో మోయగల అగ్నిమాపక సాధనాలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15683. వాటి ఎంపిక, నిర్వహణకు ఐ.ఎస్. 2190 వర్తిస్తుంది. మన ఇళ్ళలో, కార్యాలయాలలో, పెట్రోలు బంకులలో కనిపించే సిలిండర్లలో చాలా వరకు ఎ.బి.సి. పొడివే. కనుక సొంత బండితో ట్రాక్‌కు వెళ్ళేవారు తమ వెంట తీసుకొని వెళ్ళే సిలిండరులో ఏ పొడి ఉందో చూసుకొనడం మంచిది. గ్యారేజిలో మొదటి సాధనంగా కార్బన్ డయాక్సైడ్‌ను, రెండవదిగా పొడిని సిద్ధంగా ఉంచుకోవచ్చు. కాని మంట పెద్దదైనా, మనిషి దగ్గరలో ఉన్నా ఎంచుకొంటూ నిలబడరాదు. ముందుగా చేతికి అందినదే సరైన సిలిండరు. పొడిని తరువాత కడుక్కోవచ్చు.

ఇవి కూడా చూడండి

- అగ్నిమాపక సాధనాలు
- మోటారు సైకిల్
- పెట్రోలు
- మెగ్నీషియం
- మాంట్రియల్ ఒప్పందం
- ప్రథమ చికిత్స